రెండో గోల్‌కీపర్

శైలజ లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగింది. తండ్రి బుచ్చిరాములు వర్క్‌షాపులో ఫిట్టర్. క్వార్టర్స్ పక్క గ్రౌండ్‌లో మగపిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటే కూతుర్నీ వెళ్లనిచ్చాడు. పొడుగ్గా ఉందని వాళ్లు ఆమెను గోల్‌లో నిలబెట్టారు. ఆ చోటు ఆమెకు నచ్చింది.

నాకు పరిచయమయ్యేసరికి ఆమె మా కాలేజీ గోల్‌కీపర్. తార్నాక వైపు నుంచి యూనివర్సిటీ క్యాంపస్‌లోకి వస్తే ఓ మూలన ఉంటుంది మా కాలేజీ. ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్న దళిత, గిరిజన, బీసీ ఆడపిల్లల కోసం పెట్టింది. అందరం అక్కడి హాస్టల్లోనే ఉండేవాళ్లం. మిగతా కాలేజీల వాళ్లు మమ్మల్ని 'హాస్టలోళ్లు' అనేవారు. నేను డిఫెన్స్‌లో ఆడేదాన్ని. వెనక శైలజ ఉందంటే నాకు ధీమా. రెండేళ్లు ఆమె లేకుండా మేం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

మా డిగ్రీ ఆఖరి ఏడాదిలో, ములుగు దగ్గరి ఊరి నుంచి సారలమ్మ వచ్చి మొదటి ఏడాదిలో చేరింది. పొట్టిపిల్ల, మాట తక్కువ. మొదటి రోజు వట్టికాళ్లతో ప్రాక్టీసుకు వచ్చింది. కోచ్ ప్రేమ్ కుమార్ సార్ చూద్దామని గోల్‌లో నిలబెట్టి మా చేత ఇరవై బంతులు కొట్టించాడు. పదహారు ఆపింది.

"ఎవరు నేర్పిన్రమ్మా నీకు?" అన్నాడు సార్.

"ఎవ్వలు నేర్పలే సార్. మా అన్నలు కొడ్తే పట్టేదాన్ని."

సెప్టెంబరులో కాలేజీల మధ్య లీగ్ మొదలైంది. మొదటి మ్యాచ్ లిస్టులో గోల్‌కీపర్ పేరు సారలమ్మ. "ఒక చాన్స్ ఇచ్చి చూద్దాం. నువ్వు రెడీగా ఉండు" అని సార్ శైలజతో అన్నాడు. ఆ మ్యాచ్ గెలిచాం. తర్వాతదీ గెలిచాం. ఇక లిస్టు మార్చే అవసరం సార్‌కు కనిపించలేదు. శైలజ ప్రతి మ్యాచ్‌కూ గ్లౌజులు తొడుక్కుని బెంచీ మీద కూర్చునేది, అలాగే విప్పేసేది.

ఆ రోజుల సంగతి ఆమె నాకు చాలాకాలం తర్వాత చెప్పింది. సారలమ్మ చేతుల్లోంచి బంతి జారిన ప్రతిసారీ లోపల చల్లగా ఉండేదట. హాస్టల్ మెస్‌లో సారలమ్మ పళ్లెంలో అదనంగా వడ్డించిన రెండో గుడ్డు కూడా కంటికి కనబడేదట. తండ్రి మ్యాచ్ చూడడానికి వస్తానంటే, ఈసారి వద్దని ఏదో సాకు చెప్పేది.

ఒకసారి సారలమ్మే ఆమె దగ్గరికి వచ్చింది. "అక్కా, కార్నర్ కొట్టినప్పుడు నాకు సమజ్ అయితలేదు. యాడ నిలబడాలె?"

"నీకు తెల్వనిది ఏమున్నది? సార్‌ను అడుగు."

సెమీఫైనల్ వచ్చింది. అవతలి టీమ్‌లో ఫార్వర్డ్ హరిచందన. తార్నాకలో ఉంటుంది, స్కూల్లో శైలజతో కలిసి చదివింది. ఆ వారమే తార్నాక బస్టాపు దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు.

"మీ కొత్త కీపర్‌ని దాటడం కష్టమంటున్నారే అందరూ" అంది హరిచందన. "నువ్వెలా ఊరుకున్నావే మరి?"

ఆ చివరి మాట శైలజకు ఎక్కడో తగిలింది. "ఏం కష్టం? ఎత్తు బంతి వస్తే గోల్ వదిలి ముందుకొస్తది. తల మీదికెళ్లి అవతలి స్తంభం దిక్కు వెయ్యండి. పొట్టిది, అందది" అనేసింది.

పన్నెండో నిమిషంలో వాళ్లకు మైదానం మూల నుంచి కొట్టే కార్నర్ దొరికింది. బంతి సారలమ్మ తల మీదుగా అవతలి స్తంభం వైపు దిగింది. హరిచందన తలతో లోపలికి నెట్టింది. అరగంటకు మళ్లీ అలాగే. నేను పక్కనే ఉండి ఏమీ చేయలేకపోయాను.

"మొదటి గోల్‌కు సంతోషమైంది పూర్ణిమా. అబద్ధమెందుకు" అని శైలజ తర్వాత నాతో అంది. "రెండో గోల్‌కు బెంచీ ఎనక ఎవరో నవ్విన్రు. హాస్టలోళ్లు గింతే అన్నరు. నేను గూడ హాస్టలోళ్లల్లనే ఉన్న కదా అని అప్పుడు యాదికొచ్చింది."

హాఫ్ టైమ్‌లో సారలమ్మ నల్లా దగ్గర ముఖం కడుక్కుంటుంటే శైలజ వెళ్లింది. మేం నలుగురం వింటుండగానే చెప్పింది. "నీ లోపం వాళ్లకు చెప్పింది నేనే."

"ఎందుకు?"

"నా జాగల నువ్వు నిలబడ్డవ్."

సారలమ్మ నల్లా కట్టేసింది. "ఇప్పుడేం జెయ్యాల్నో చెప్పు."

శైలజ ఆమెను గోల్ దగ్గరికి తీసుకెళ్లింది. ఎక్కడ నిలబడాలో కాలితో గీత గీసి చూపించింది. బంతి గాల్లో ఉండగా ముందుకు కాక, వెనక్కీ పక్కకూ ఎలా జరగాలో రెండుసార్లు చేసి చూపించింది. రెండో సగంలో వాళ్లకు ఐదు కార్నర్లు దొరికాయి. ఒక్కటీ గోల్ కాలేదు. మేం మూడు కొట్టాం. గెలిచాక అందరం సారలమ్మను ఎత్తుకున్నాం. శైలజ బెంచీ మీదే ఉండిపోయింది.

మర్నాడు ఆమే సార్ దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పింది. సార్ కోప్పడలేదు. "టీమ్ టీ షర్ట్ ఇచ్చెయ్యమ్మా" అన్నాడు. ఆమెతో నేను నెల రోజులు మాట్లాడలేదు.

సారలమ్మ మాత్రం ఆ సాయంత్రమే ఆమె గదికి వెళ్లింది. "రేపు పొద్దుగాల గ్రౌండ్‌కు వస్తవా? కార్నర్లు పూర్తిగ నేర్చుకోవాలె." ఆ రోజు నుంచి ఆమె శైలజను అక్కా అని పిలవలేదు. అయినా ఫైనల్ వరకు తొమ్మిది రోజులు ఇద్దరూ పొద్దున్నే కలిసి ప్రాక్టీసు చేశారు.

ఫైనల్లో ఒక్క గోల్ తేడాతో ఓడాం. మా కాలేజీ అంతదాకా రావడం అదే మొదటిసారి. యూనివర్సిటీ టీమ్‌కు సారలమ్మను ఎంపిక చేశారు. శైలజ ఆ ఫైనల్‌ను గ్రౌండ్ మెట్ల మీద కూర్చుని చూసింది. "గప్పుడు గూడ కుళ్లు పోలే. ఆమె దూకినప్పుడల్లా నా చేతులు గుంజినయ్" అని తర్వాత నాతో అంది.

ఇప్పుడు శైలజ వారాసిగూడలో ఒక స్కూల్లో పీఈటీ. సారలమ్మ రాష్ట్ర జట్టులో ఉంది. పోయిన నెల ఆమె మ్యాచ్‌ను నా ఫోన్‌లో ఇద్దరం కలిసి చూశాం. సారలమ్మను దాటి ఒక గోల్ పడింది.

"నేనైతే అది ఆపేదాన్ని" అంది శైలజ, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.