నొగ మీద గొర్రె బరువు

వాల్‌క్రాన్స్‌లో కొత్త మనిషి కనిపిస్తే పేరు తర్వాత సంగతి, ముందు అడిగేది "ఎవరి బిడ్డవి?" అనే. దుకాణంలో అడుగుతారు, ఆసుపత్రి వరసలో అడుగుతారు, చావింట్లో ఏడుస్తున్న మనిషిని కూడా ఒక్క నిమిషం ఆపి అడుగుతారు. జవాబు దొరికితే చాలు, తాత తాగుడు దగ్గర్నుంచి మేనత్త మొండితనం దాకా ఆ మనిషి చరిత్ర మొత్తం వాళ్ళ చేతికి వచ్చినట్టే. మీటా ఆరీస్ మాత్రం ముప్ఫై ఏళ్ళుగా ఆ ప్రశ్నకి ఒకటే జవాబు చెబుతూ వచ్చింది: "ఫ్లోరిస్ పెళ్ళాన్ని."

అడిగింది ఎవరి పెళ్ళానివని కాదు కదా. అయినా ఆమె ముఖం చూశాక రెండోసారి అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

మీటా బండోళ్ళ పిల్ల. కరూ అనే ఎండు బీళ్ళలో గాడిద బండి కట్టుకుని, ఒక దొర పొలం నుంచి ఇంకో దొర పొలానికి తిరుగుతూ, గొర్రెల ఉన్ని కత్తిరించి బతికేవాళ్ళని మా వైపు అలాగే అంటారు. ఆ ఒక్క మాటలో మా జనం ఎంత చులకన కూరగలరో వింటే గాని తెలియదు, మేమేదో రాజుల సంతానమైనట్టు! మీటా కంచె పక్కన ఆగిన బండి కింద పుట్టింది. పదిహేనేళ్ళు వచ్చేదాకా పైన కప్పు ఉన్న చోట పడుకోలేదు. చేతి కత్తెర పట్టిందంటే మగవాళ్ళతో సమానంగా గొర్రెల్ని తిరగేసి బోడి చేసి వదిలేది. తర్వాత ఊళ్ళో బడిపిల్లల హాస్టల్లో వంటపని దొరికింది. అక్కడ బోరింగు బాగుచేయడానికి వచ్చిన గాలిమరల మెకానిక్ ఫ్లోరిస్, బోరింగు బాగుపడ్డాక కూడా దాన్ని చూడటానికి వస్తూనే ఉన్నాడు.

పెళ్ళికి ఆమె పెట్టిన షరతు ఒక్కటే. "కదలని గోడలు కావాలి నాకు." ఫ్లోరిస్ కట్టిచ్చాడు. దానికి తోడు, అడగకుండానే ఇంకో మాట కూడా ఇచ్చాడు: "నీకు సముద్రం చూపిస్తా."

ఆ పెళ్ళిలో ఒకటి జరిగింది. మీటా తండ్రి కూస్ సోర్స్ గాడిదల మెడకి రంగు ఉన్ని కుచ్చులు కట్టి, బండి తోలుకుని వచ్చాడు. చర్చి లోపలికి రాలేదు, ఎదురుగా మిరియపు చెట్టు కింద బండి పక్కన నిలబడ్డాడు. పెళ్ళికూతురు బయటికొచ్చి, ఆడపడుచు డోరా వాళ్ళాయన కారెక్కి, తల తిప్పకుండా వెళ్ళిపోయింది. మరుసటి ఏడు చలికాలం రాకుండానే కూస్ పోయాడు. మీటా ఆ మాట ఎవరితోనూ ఎత్తలేదు. ఎర్ర పాలిష్ వేసి వేసి ఇంటి అరుగుని అద్దంలా తుడిచింది. ఆరుబయట పొయ్యి వెలిగించడం అన్నది ఆ ఇంట్లో ఏనాడూ లేదు. ఊరంతా శనివారం నిప్పుల మీద మాంసం కాలుస్తుంటే ఆమె కిటికీలు మూసుకుని స్టవ్ మీద వండేది.

ఫ్లోరిస్‌కి మోకాళ్ళు అరిగి గాలిమరలెక్కడం మానేసిన ఏడాది సముద్రం మాట మళ్ళీ బయటికి వచ్చింది. సముద్రం ఒడ్డున గదుల అద్దెలు విని ఇద్దరూ నోరు మూసుకున్నారు. చివరికి ఒక సాయంత్రం అతనే గొంతు సవరించుకున్నాడు.

"ట్రైలర్ కట్టుకుందామే. లోపల పడుకునేట్టు. మన పికప్ వెనక తగిలించుకుని పోవచ్చు."

"అంటే? ఈ వయసులో మళ్ళా చక్రాల మీద పడుకోమంటావా నన్ను?"

"సముద్రం మన వాకిట్లోకి రాదు కదా, మీటా."

ఆమె లేచి లోపలికి పోయి గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ కడిగింది, కడిగినవే మళ్ళీ కడిగింది. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి చెప్పింది. "సరే. కానీ దాన్ని చూసినోడికి బండి గుర్తురాకూడదు. హైవే మీద టూరిస్టులవి పోతుంటాయే, అట్లుండాలి. వంటిల్లు వెనక, నీళ్ళు వెనక, గ్యాసు వెనక. ముందర ఒక్క గిన్నె వేలాడినా నేను ఎక్కను."

బండోళ్ళు గిన్నెలు, నీళ్ళ డబ్బా, పిండి మూట అన్నీ ముందర, తోలేవాడి కాళ్ళ దగ్గరే కట్టుకుంటారు. అది ఫ్లోరిస్‌కీ తెలుసు. తెలిసీ నోరెత్తలేదు. పెళ్ళాం పుండు మీద చెయ్యి వేయని మగవాడు అతను, ఆ మంచితనమే తర్వాత వాళ్ళ కొంప ముంచబోయింది.

ఇక వాళ్ళ పనితనం చెప్పాలి. పాత సామాన్ల కొట్టులో తుక్కు పికప్‌ది వెనక ఇరుసు దొరికింది. కూలిపోయిన గాలిమర కాళ్ళ ఇనుప యాంగిల్‌తో చట్రం లేచింది, గాలిమర తోక రేకే పక్క గోడ అయింది. ఫ్లోరిస్ వెల్డింగ్ చేస్తుంటే మీటా ఇనుము కదలకుండా పట్టుకునేది. రవ్వలు చేతుల మీద పడినా ఆమె పట్టు వదిలేది కాదు, తిట్టడం మాత్రం మానేది కాదు. "కళ్ళు నెత్తికెక్కినయా? నా చెయ్యి వెల్డింగ్ చేస్తున్నావు!" అంటే, "అతుక్కుంటే మంచిదే, యాడికీ పోవు," అనేవాడు. పైన గుడారానికి లారీల మందపాటి గుడ్డ తెచ్చారు. దానికి దబ్బనం, మైనం రాసిన దారం చాలన్నది ఆమె. ఆ కుట్టు చూడాలి మీరు! మిషను కూడా సిగ్గుపడేంత వరసగా, ఒక్కో పోగూ బిగించి, అంచులు రెండుసార్లు మడిచి కుట్టింది. కుట్టడం అయ్యాక గుడ్డంతా నీళ్ళతో తడిపి ఎండబెట్టి, మళ్ళీ తడిపింది.

"ఎందుకే తడపడం?"

"నూలు ఉబ్బి సూది బెజ్జాలు మూసుకుంటాయి. వాన పడితే కారదు."

"నీకెట్ల తెలుసు?"

"యాడో విన్నా," అని మీటా గుడ్డ దులపడంలో పడింది.

కంచె అవతల డోరా రోజూ కాఫీ కప్పుతో నిలబడేది. ఫ్లోరిస్‌కి అక్క, చర్చి పాటల బృందానికి పెద్ద, ఊరి సంగతులకి మొదటి చెవి. "మొత్తానికి నీకు మళ్ళా బండి రాసిపెట్టి ఉందే మీటా," అనేది. "గాడిదలు ఎప్పుడొస్తాయి?"

"నువ్వున్నావుగా వదినా," అని మీటా దారం తెంపేది. మాట విసిరేది గాని ఆ పూట అన్నం సయించేది కాదు ఆమెకి. అందుకే ఫ్లోరిస్‌తో ముందే ఒప్పందం చేసుకుంది: ట్రైలర్‌ని నడిపి చూసే పరీక్షకి పోయేటప్పుడైనా, సముద్రానికి పోయేటప్పుడైనా కోడి కూయకముందే, వెనక వీధిన బయటపడాలి. చర్చి వీధి వైపు పోనే కూడదు.

పరీక్ష రోజు చీకటితోనే లేచారు. డోరా అంతకంటే ముందే లేచి, తలకి రుమాలు కట్టుకుని, పికప్‌లో మధ్య సీట్లో కూర్చుని ఉంది. "నా తమ్ముడు చస్తే సాక్ష్యం ఉండాలి కదా," అంది. దింపే మొనగాడు ఎవరు?

నీళ్ళ ట్యాంకు నింపారు, గ్యాసు బండ పెట్టారు, సామాన్లు, పిండి, బంగాళాదుంపలు అన్నీ వెనక సర్దారు. చూడటానికి ట్రైలర్ టూరిస్టులదానిలాగే ఉంది. ఊరు దాటి, తారు రోడ్డు మీద వేగం అందుకుని, కొండ దిగువకి వచ్చేసరికి ట్రైలర్ తోక ఆడించడం మొదలుపెట్టింది. ముందు కాస్త, తర్వాత ఇటు కంచె దాకా, అటు కంచె దాకా. పికప్ వెనక చక్రాలు నేల వదులుతున్నట్టు తేలిపోతున్నాయి. డోరా పాటల బృందంలో ఎప్పుడూ అందుకోని శ్రుతి ఒకటి ఆ రోజు అందుకుంది. ఫ్లోరిస్ బ్రేకు తొక్కలేదు, అది అతని పుణ్యం. కాలు తీసేసి, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, బండి తనంతట తాను నెమ్మదించేదాకా ఓర్చుకున్నాడు. ముళ్ళకంప అంచున ఆగారు.

ఫ్లోరిస్ దిగి చట్రం కింద తడిమి చూశాడు. "చట్రం వంకరేమో. నేనే తప్పు చేశాను. ఇంక వద్దులే మీటా. ఇది విప్పి అమ్మేస్తా."

ముప్ఫై ఏళ్ళలో అతను ఒక పని చేతకాదని ఒప్పుకోవడం ఆమె వినలేదు. గాలిమర నెత్తిన, తుఫాను గాలిలో కూడా అనలేదు. మీటా దిగి, కొక్కెం ఊడదీయించి, ట్రైలర్ ముందుకి పొడుచుకొచ్చిన నొగ పట్టుకుని ఎత్తింది. రెండు వేళ్ళకే లేచి వచ్చింది. చట్రంలో వంకర లేదు. తప్పు ఎక్కడుందో ఆమెకి తెలుసు, అది ఫ్లోరిస్‌ది కాదు. నోరు విప్పకపోతే ట్రైలర్ తుక్కు కింద పోతుంది, సముద్రం పోతుంది, ఈ మనిషి తన చేతుల్నే నమ్మడం మానేస్తాడు. నోరు విప్పితే పక్కనే డోరా ఉంది, మధ్యాహ్నానికల్లా ఊరంతా ఉంటుంది.

"మా నాన్న," అంది. నొగ దించి మళ్ళీ మొదలుపెట్టింది. "మా నాన్న బండి ఇట్లా కడితే మా అమ్మ కట్టెతో కొట్టేది. వెనక బరువైతే కాడి పైకి లేస్తుంది. గాడిద మెడ పట్టేస్తుంది, బండి తోక ఊపుతుంది. బయల్దేరే ముందు నాన్న రోజూ నొగ ఎత్తి చూసేవాడు. గొర్రెపిల్ల బరువు తూగాలి. తక్కువైతే మూటలు ముందుకి, ఎక్కువైతే వెనక్కి. అది రెండు గాడిదలకి లెక్క. పికప్‌కి పిల్ల చాలదు, బాగా మేసిన పెద్ద గొర్రె ఉండాలి."

ఫ్లోరిస్ ఆమెనే చూస్తున్నాడు. "తెలిసీ అన్నీ వెనక పెట్టించావా?"

"నాకు తెలుసని ఎవరికీ తెలియకూడదనే పెట్టించా. నీ చట్రంలో తప్పేం లేదు. తప్పు నా సిగ్గుది."

డోరా రుమాలు సర్దుకుంది. "అయితే ఆఖరికి గాడిద బండి చదువే పనికొచ్చిందన్నమాట."

"అవును వదినా," అంది మీటా. "అదే లేకపోతే ఇంకోసారి నిన్ను ముళ్ళకంపలోంచి ముక్కలుగా ఏరుకోవాలి."

తిరిగొచ్చాక ఇద్దరూ మళ్ళీ పనిలోకి దిగారు. నొగ మీద ఒక ఇనుప పెట్టె అతికించి గ్యాసు బండ, సామాన్లు అందులో పెట్టారు. నీళ్ళ ట్యాంకు ఇరుసుకి ముందు వైపు జరిపారు. పెట్టె పక్కన కొక్కేలకి గిన్నెలు మీటాయే తగిలించింది, ఒక్కోదాన్ని మోగించి చూసుకుంటూ. మధ్యమధ్యలో నొగ ఎత్తి, కళ్ళు మూసుకుని తూచేది. వేల గొర్రెల్ని ఒడిలోకి తిప్పుకున్న చేతులవి, కాటా ఎందుకు? "ఇంకా పిల్లే," అనేది. "ఇప్పుడు ఏడాది గొర్రె." ఆఖరికి మోకాళ్ళు కొద్దిగా వంచి, "ఆఁ, దొరగారి పొట్టేలు," అని దించింది. అదే కొండ దిగువన, అదే వేగంతో పోతే ట్రైలర్ పికప్ వెంట బుద్ధిగా నడిచింది.

"అయితే ఎల్లుండి కోడి కూయకముందు," అన్నాడు ఫ్లోరిస్.

"కాదు. ఆదివారం, చర్చి వదిలే వేళకి. చర్చి వీధిన."

ఫ్లోరిస్ వెళ్ళి పికప్ కడిగి తుడవడం మొదలుపెట్టాడు.

ఆదివారం మిరియపు చెట్టు కింద ట్రైలర్ ఆగేసరికి జనం మెట్లు దిగుతున్నారు. పిల్లలు చక్రాలు తన్ని చూశారు, ఆడవాళ్ళు గుడారం కుట్టు వేళ్ళతో తడిమారు. ముందర వేలాడే గిన్నెలు చూసి ఎవరో కిసుక్కున నవ్వారు. మీటా చెవులు వేడెక్కాయి గాని తల దించలేదు.

గుంపులోంచి హెండ్రిక్ తాత కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. జీవితమంతా పొలాల్లో ఉన్ని కత్తిరించి, ఈ మధ్యనే మనవరాలింటికి చేరిన ముసలాయన. ట్రైలర్ చుట్టూ ఒకసారి తిరిగాడు. కొక్కెం విప్పమని ఫ్లోరిస్‌కి సైగ చేసి, కర్ర మనవరాలి చేతికిచ్చి, రెండు చేతులా నొగ కాస్త లేపి దించాడు.

"పెద్ద గొర్రె," అన్నాడు రొప్పుతూ. "ఇది కొట్లో కొన్న లెక్క కాదు. ఈ బరువు ఎవరు కట్టారు?"

"నేనే, తాతా."

"ఎవరి బిడ్డవమ్మా?"

మెట్ల మీద డోరా మెడ సాచింది.

"కూస్ సోర్స్ బిడ్డని," అంది మీటా, చివరి మెట్టు మీదున్నవాళ్ళకి కూడా వినపడేట్టు. "గాడిద బండి కూస్. నా పెళ్ళినాడు ఈ చెట్టు కిందే నిలబడ్డాడు తాతా. నేను తల తిప్పి చూడకుండా పోయాను."

ముసలాయన నవ్వాడు, పళ్ళు లేని నోరంతా తెరిచి. "నువ్వేనా ఆ పిల్లవి! వాడితో ఒకే కొట్టంలో పనిచేశానమ్మా, నీ పెళ్ళయిన చలికాలం. బుర్ర తినేశాడు మమ్మల్ని. 'నా బిడ్డ కారెక్కి పోయింది, రాణిలా నేరుగా చూస్తూ పోయింది, ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు' అని కత్తెర ఆపి మరీ చెప్పేవాడు. గొర్రెలక్కూడా చెప్పాడు."

మీటా ట్రైలర్ మీద చెయ్యి ఆనించి, అంతమంది ముందూ, ముఖం దాచుకోకుండా ఏడ్చింది. డోరా వచ్చి తన రుమాలు విప్పి ఆమె చేతిలో పెట్టింది. మీటా తండ్రి పేరు చెప్పడం ఒక వింతైతే, డోరా ఎత్తిపొడవకపోవడం ఆ రోజు రెండో వింత.

సముద్రం చూశారా అంటే, చూశారు. మోసెల్ బే ఒడ్డున ఆరుబయట నిప్పులు చేసుకుని, వాటి మీద రొట్టెలు కాల్చుకుని తిన్నారు. ఫ్లోరిస్ నీళ్ళు నోట్లో పోసుకుని ఉప్పని నిర్ధారణ చేసుకున్నాడు. పక్క గుడారంలోని ఆవిడెవరో ట్రైలర్ చూసి ముచ్చటపడి, మీరెవరమ్మా అని అడిగితే, మీటా రొట్టె తిరగేస్తూ, "కూస్ సోర్స్ బిడ్డని," అని చెప్పింది. ఆ ఊళ్ళో ఆ పేరు ఎవరికీ తెలియదు. అయినా చెప్పింది.