చట్టం వచ్చినాక పోదువులే

శాసనసభ సమావేశాలు ముగిశాయని సభాపతి చదువుతున్నప్పుడు నేను దుకాణంలో ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. గాజులు కొనడానికి వచ్చిన ఆమె ఏదో అడుగుతోంది, నా చెవికి ఎక్కడం లేదు. పిల్లల్ని ఇంటర్నెట్‌లో వేధించేవాళ్ళ మీద ఈ సమావేశాల్లోనే బిల్లు పెడతామని మా ఎమ్మెల్యే చెప్పి ఉన్నాడు. సభలో రోడ్ల గురించి మాట్లాడారు, ఒకరినొకరు తిట్టుకున్నారు, బల్లలు చరిచారు. ఆ బిల్లు పేరు మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. అంతకుముందు సమావేశాల్లోనూ అంతే.

ఆ బిల్లు కోసం మా ఇంట్లో ఒక పిల్ల బడి మానేసి కూర్చుని ఉంది. మానేసి అనడం అబద్ధం. నేనే మాన్పించాను.

మా పాపది తొమ్మిదో తరగతి. బడి వార్షికోత్సవంలో కోలాటం ఆడినప్పటి ఫోటో పట్టుకుని ఎవడో ఆమె పేరుతో ఖాతా తెరిచాడు. ముఖం ఆమెది, మాటలు వాడివి. ఆ ఖాతా నుంచి తోటి పిల్లలందరికీ పాడు రాతలు వెళ్ళాయి. పోలీసులు ఫిర్యాదు తీసుకుని, ఇకమీదట ఫోన్ ముట్టుకోవద్దని పాపకే చెప్పారు. ఆ ఖాతా ఉన్న యాప్ కంపెనీకి రాస్తే, తమ నిబంధనలకు విరుద్ధమైనదేదీ కనిపించలేదని జవాబిచ్చింది. నేను వాళ్ళందరికంటే ఒక మెట్టు కిందికి దిగాను. "నిన్నెవురు ఫోటో దిగమన్యారు?" అని పిల్ల మీదే అరిచాను. తప్పు చేసినవాడు హాయిగా తిరుగుతుంటే మేమంతా కలిసి శిక్ష పిల్లకు వేశాం.

ఆ రోజుల్లోనే మా ఎమ్మెల్యే బడికి వచ్చి తల్లిదండ్రుల సభలో మైకు పట్టుకున్నాడు. "మీ బిడ్డలు నా బిడ్డలు. వాళ్ళ జోలికొచ్చినోడు యాడ దాక్కున్నా ఈడ్సుకొస్తాం. వచ్చే సమావేశాల్లోనే బిల్లు పెడతాం" అన్నాడు. అరచేతులు మండేలా చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చి పాపతో, "చట్టం వస్తాంది. అందాకా ఇంట్లోనే సదువుకో. చట్టం వచ్చినాక పోదువులే" అన్నాను.

మా వైపు నాయకుడు ఒక మాట ఇస్తే, ఆ పని జరిగేదాకా ఎవరూ ఆగరు. మర్నాడే ఆయన బొమ్మతో ఫ్లెక్సీ కట్టి పాలాభిషేకం చేస్తారు. మేమూ చేశాం. తల్లిదండ్రుల కమిటీలో ఉన్నాను గనక మొదటి పాల ప్యాకెట్టు కత్తిరించి ఆయన బొమ్మ నెత్తిన పోసింది నేనే. జిల్లా పేజీలో ఫోటో వచ్చింది. మా పాప ఆ పేపరు చాలాసేపు చూసింది.

"చట్టం వచ్చేసిందా నాయనా?"

"వస్తాది."

"మరి పాలు అప్పుడే పోసేసినారే?"

"నీకు తెలీదు, ఊరుకో" అన్నాను. తెలియనిది నాకు.

మొదటి సమావేశాలు ఊరికే గడిచిపోయాక ఆఫీసుకు వెళ్ళాను. మా తిరుపతిలో పొద్దున్నే ఎమ్మెల్యే వాకిట్లో నిలబడేవాళ్ళలో సగం మంది కొండ మీద దర్శనానికి సిఫారసు లెటర్ కోసం వచ్చినవాళ్ళే. పీఏ తల ఎత్తకుండానే, "ఎంతమందన్నా? ఆధార్‌లు తెచ్చినావా?" అన్నాడు.

"దర్శనానికి కాదు సామీ. పిల్లల బిల్లు ఏమైందో కనుక్కుందామని."

అప్పుడు తలెత్తి నవ్వాడు. "నువ్వు పాలు పోసినోడివే గదా! ఆ పేపరు సారు పైకి కూడా పంపించినాడు, జనం శానా సంతోషంగా ఉండారని. ఇంకేం గావాలన్నా నీకు?"

పని పూర్తయిందనడానికి మేము పోసిన పాలే వాళ్ళకు సాక్ష్యమయ్యాయి.

మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. ఒకరోజు పీఏ తనే ఒక లెటర్ రాసి నా చేతిలో పెట్టాడు. "ఊరికే తిరగతా ఉండావు పాపం. ముగ్గురికి బ్రేక్ దర్శనం. ఇంట్లోవాళ్ళను తీసకపో, మనసు నెమ్మదిస్తాది."

అక్కడే చింపి పారేయాల్సింది. రెండు చేతులా అందుకుని దండం పెట్టాను.

కొండ మీద వరసలో నిలబడ్డప్పుడు పాప అడిగింది, "ఈ లెటర్ యాడిది?" చెప్పాను. పాప దాన్ని నా చేతిలోంచి తీసుకుని చదివింది. తర్వాత, "నా పని మీద పోయి నువ్వు దర్శనం తెచ్చుకున్నావా నాయనా?" అంది. ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. మా ఆమె పిల్ల చెయ్యి నొక్కింది. ఆ రోజు స్వామి ముందు ఏమి మొక్కుకున్నానో నాకు గుర్తు లేదు.

ఈసారి సమావేశాలూ ముగిశాక నేరుగా ఎమ్మెల్యేనే అడగాలని వెళ్ళాను. ఆయన బయటికి రాగానే ఎదురు నిలబడ్డాను.

"పెడతాం, పెడతాం. అంతా ప్రాసెస్‌లో ఉండాది" అన్నాడు.

వెనకనుంచి ఒకాయన, "జరుగు సామీ, మాకు రేపే దర్శనం" అని తోశాడు. నేను జరగలేదు.

"పోయినసారీ ఇదే మాట చెప్పినారు సార్. దాన్ని నమ్మి మా పిల్ల బడికి పోకుండా కూసోనుండాది."

ఆయన నన్ను వింతగా చూశాడు. "బడి ఎందుకు మాన్పించినావప్పా? చట్టం రాకపోతే పిల్లోళ్ళు సదువుకోరా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఒళ్ళంతా మండిపోయింది. మాట తప్పిన మనిషికి ఆ మాట అనడానికి సిగ్గు లేదు. ఆయన పోలీసుల్ని అడగలేదు, కంపెనీని అడగలేదు, చట్టం చేయలేదు. అయినా పిల్లను నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టింది మాత్రం ఆయన కాదు. నాకు ఇంకో దర్శనం రాసివ్వడానికి పీఏ లెటర్ల కట్ట ముందుకు లాక్కున్నాడు. "వద్దు" అని వచ్చేశాను.

పాప గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఏమన్యాడు?"

"పెడతామన్యాడు. పెడతాడో లేదో నాకు తెలీదు. రేపు బడికి పోదాం పా."

"చట్టం రాలేదు గదా?"

"దానికోసం నేను తిరగతా. నువ్వు ఆగాల్సిన పన్లేదు. ఆగమన్నది నాదే తప్పు."

"కలాసులో నవ్వితే?"

"నవ్వితే వచ్చి నాకు చెప్పు. నిన్ను అరవను."

ఆమె నమ్మిందో లేదో తెలియదు. తెల్లవారి యూనిఫాం వేసుకుంది, అది కాస్త బిగుతయింది. బడి గేటు దగ్గర బండి ఆపినా కొంతసేపు దిగలేదు. నేను తొందరపెట్టలేదు. లోపల బెల్లు కొట్టాక దిగి, వెనక్కి చూడకుండా వెళ్ళింది. ఆమె మెట్లెక్కి కనిపించకుండా పోయేదాకా నిలబడి, బండి ఎమ్మెల్యే ఆఫీసు వైపు తిప్పాను.