ప్రభువుల సభలో నా మోకాళ్ళు

మొన్న శుక్రవారం నన్ను నిండు సభలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టినారు. కూర్చోబెట్టమని ఆర్డర్ వేసింది నా కూతురే.

ఊళ్ళోవాళ్ళూ బయటివాళ్ళూ తలా ఒక మాట అడుగుతా ఉన్నారు. పదిమందికి పదిసార్లు చెప్పే ఓపిక నాకు లేదు, అందుకే ఒక్కసారిగా రాసేస్తున్నాను.

మాది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే ఊరు. మా ఆయన సరస్సు మీదికి పోతాడు. నేను ఇంట్లో మిషన్ కుడతాను. మా పాప శ్రావణి డిగ్రీ రెండో సంవత్సరం, హిస్టరీ. వాళ్ళ కాలేజీలో ఒక పోటీ పెట్టినారు. పాతకాలపు చట్టసభలంట. ఒక్కో కాలేజీకి ఒక్కో సభ. ఆ సభలో ఒక్కరోజు పొద్దున మొదలై ముగిసేదాకా ఏం జరుగుతుందో నలభై నిమిషాల్లో చేసి చూపించాల. మొదటి రెండు కాలేజీలు తిరుపతిలో జరిగే పెద్ద పోటీకి పోతాయి.

మా పాప వాళ్ళకి నాలుగువందల ఏళ్ళ నాటి ఇంగ్లండు పైసభ వచ్చింది. ప్రభువుల సభ. దానికి పెద్ద లార్డ్ ఛాన్సలర్. ఆ కుర్చీ హిస్టరీ మేడమ్ మా పాపకి ఇచ్చింది.

అప్పుడే మొదలైంది గొడవ. క్లాసులో భరత్ అనే పిల్లోడు అందరి ముందరా అన్నాడంట, "రేవు యాసతో లార్డ్ ఛాన్సలరా మేడమ్? సభ అనుకుంటారా, చేపల వేలం అనుకుంటారా?" అని. మేడమ్ వాణ్ణి గుమాస్తాని చేసి రాతపని ఇచ్చింది. మా పాపతో మాత్రం, "శుక్రవారం నువ్వు ఒక్కచోట తడబడినా తిరుపతిలో ఆ కుర్చీ వేరేవాళ్ళకి పోతుంది, ఆలోచించుకో" అనింది.

పాప ఇంటికొచ్చి ఏడవలా. అన్నం తిని, "అమ్మా, ఎర్రగుడ్డ ఎంత ఉంది?" అనింది.

పదహారు గౌన్లు కుట్టినాను. మెడ చుట్టూ తెల్లబొచ్చు ఉండాలంటే దూది పరిచి కుట్టినాను. ఛాన్సలర్ కుర్చీలో కూర్చోడంట, ఉన్ని మూట మీద కూర్చుంటాడంట. ఉన్ని యాడ తెచ్చేది? దూది గౌన్లకే చాల్లా. పాత వల ముక్కలు నాలుగుసార్లు ఉతికి, ఎండబెట్టి మూటలో కూరినాను. సభలో అధికారి ఒకరు నల్లకర్ర పట్టుకుని తిరగాలంటే మా ఆయన పడవ గెడకర్రని సగానికి కోసి నల్లరంగు వేసినాడు.

"ఏందిమే, ఇంగ్లండు సభ మొత్తం మన ఇంట్లోనించే పోతా ఉండాదే" అన్నాడు.

అంతవరకూ బాగానే ఉంది. నేను ఇంట్లో ఉండుంటే అంతా బాగానే ఉండేది.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాల. మా ఊరి పెద్దని పెద్దకాపు అంటాం. సరస్సులో ఎవరు ఏ రోజు ఏ పక్క వల వెయ్యాలో, ఏ వల వెయ్యకూడదో ఆయన ఊరందర్నీ కూర్చోబెట్టి తేలుస్తాడు. కొత్త కట్టుబాటు పెట్టాలంటే మూడుసార్లు అడుగుతాడు. "ఒప్పుకున్నట్టేనా?" అని ఒకసారి. కాసేపాగి ఇంకోసారి. మూడోసారికి ఎవరూ నోరు తెరవకపోతే అయిపోయినట్టే. తర్వాత తల బాదుకున్నా తిరగదు. మగవాళ్ళు సరస్సు మీద ఉంటే ఆ ఇంటి ఆడవాళ్ళు లేచి చెప్పొచ్చు.

పోయిన ఏడాది మేము వల వేసే రోజులూ పక్కా మార్చేటప్పుడు మా ఆయన ఊళ్ళో లేడు. పెద్దకాపు మూడోసారి అడిగినాడు. వద్దని చెప్పాలనుకున్నాను. లేవలేకపోయినాను. ఏడాది పొడుగునా చేప లేని పక్కన వల వేసినాడు మా ఆయన. నన్ను ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది.

సరే, శుక్రవారం. బస్సులో మూట ఒళ్ళో పెట్టుకుని పోయినాను. పక్కన కూర్చున్నామె రెండు స్టాపుల తర్వాత లేచి ముందుకి పోయింది. నాలుగుసార్లు ఉతికినా వాసన వాసనే.

హాలు నిండిపోయింది. జడ్జీలు ముగ్గురు ముందు వరసలో. మా ఊరివాళ్ళం నలుగురం గోడ పక్కన కూర్చున్నాం. సభ మొదలైంది. బిషప్పు వేషం వేసిన పిల్లోడు ప్రార్థన చేసినాడు. గుమాస్తా భరత్ ఆ రోజు వచ్చిన ప్రభువుల పేర్లు ఒక్కోటీ చదివి రాసుకున్నాడు. కింది సభనించి నలుగురు వచ్చి మూడుసార్లు వంగి దండం పెట్టి ఏదో కబురు చెప్పినారు. మా పాప మూట మీదనించి లేచి, మెల్లగా, బయటివాళ్ళు దాటకూడని అడ్డకర్ర దాకా నడిచి, కబురు అందుకుని, మళ్ళీ మెల్లగా వచ్చి కూర్చునింది.

ఇంట్లో ఆ నడక నేను ఎప్పుడూ చూడలా. పక్కనున్న సుశీలక్క మోచేత్తో పొడిచి, "ఇది మన శ్రావణేనా మే?" అనింది. నాకు ఏడుపొచ్చేట్టుంది.

అప్పుడు గుమాస్తా ఒక బిల్లు తీసినాడు. ఆ కాలంలో ఇట్లాంటివి వచ్చేవంట. ఏరు సముద్రంలో కలిసేచోట సన్నకన్ను వలలు వెయ్యకూడదు, వేస్తే వల తగలబెట్టేస్తారు. పిల్ల చేపలు చచ్చిపోతాయని.

సన్నకన్ను వలంటే మాకు రొయ్యలకి వేసేది.

భరత్ కాగితం దించి గట్టిగా అన్నాడు, "ఈ బిల్లు నేడు మూడోసారి చదవబడినది."

మా పాప అడిగింది, "ప్రభువులారా, మూడోసారి విన్నారు. మీకు సమ్మతమేనా?"

అక్కడ ప్రభువులు ఒక్క క్షణం ఆగి, ఒక్కొక్కరే లేచి జవాబు చెప్పాల. ప్రాక్టీసు అట్లా చేసినారు. ఆ సంగతి నాకు తెలీదా? తెలుసు. మా వరండాలోనే చేసినారు, నేనే టీలు ఇచ్చినాను.

కానీ మూడోసారి అడిగినారు. ఎవరూ నోరు తెరవడం లేదు. అంతే, నాకు హాలు కనపడలా. పెద్దకాపు కనపడినాడు.

లేచి నిలబడినాను.

"సమ్మతం లేదు" అన్నాను. "సన్నకన్ను వల తీసేస్తే రొయ్యకి ఏం వెయ్యాల? పిల్ల చేపలుండే నెలల్లో ఆపమనండి, ఆపుతాం. ఏడాదంతా ఆపితే మేమేం తినాల?"

హాలంతా నావైపు తిరిగింది. తర్వాత ఎవరో ఒకరు నవ్వినారు. ఆ తర్వాత అందరూ.

సుశీలక్క నా కొంగు పట్టి లాగతా ఉంది. "కూచో మే, కూచో, అది ఇంగ్లండు."

అప్పటికి నాకు తెలివొచ్చింది. మేడమ్ రెండు చేతులూ తలమీద పెట్టుకుని ఉంది. భరత్ కలం పట్టుకుని మా పాప వైపే చూస్తా ఉన్నాడు. ఒక్కచోట తడబడినా అని మేడమ్ చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. తడబాటు కాదు, నేను పిల్ల కాళ్ళ కింద గొయ్యే తవ్వినాను.

పాప నావైపు చూసింది. అమ్మని చూసినట్టు చూడలా.

"సభ నిశ్శబ్దంగా ఉండాలి" అనింది. అరవలేదు. నవ్వులు ఆగిపోయినాయి. "సభ్యులు కానివారు మాట్లాడినారు. ఆ స్త్రీని అడ్డకర్ర దగ్గరికి తీసుకురండి."

నల్లకర్ర పట్టుకున్న గీత నా దగ్గరికొచ్చింది. ఆ పిల్ల మా ఇంట్లో వారానికి రెండుసార్లు చేపలపులుసు తింటుంది. కర్రతో నేల మీద మూడుసార్లు కొట్టి, పెదాలు కదలకుండా, "ఆంటీ రండి ఆంటీ, మెల్లిగా రండి, నాకేం తెలీదు ఆంటీ" అనింది.

పోయినాను. బయటికి పంపిస్తారు, పోయి బస్టాండులో కూర్చుందాం అనుకున్నాను.

"మోకాళ్ళ మీద" అనింది మా పాప.

ఆ కాలంలో రూలు అదేనంట. సభ మర్యాద తప్పినవాళ్ళు మోకాళ్ళ మీద ఉండి మాట పడాల. నా మోకాళ్ళు అసలే అరిగిపోయినాయి. కూర్చోవడం అంటే ఎట్లాగో కూర్చున్నాను.

"నీ పేరేమి?"

"రమణమ్మ. నీకు తెలీదా?"

హాలు మళ్ళీ నవ్వింది. పాప మాత్రం నవ్వలా.

"సభకి తెలియాలి. ఎవరి తరఫున మాట్లాడినావు?"

"మా రేవు తరఫున."

"ఈ సభలో నువ్వు సభ్యురాలివా?"

"కాదమ్మా."

అదంతా భరత్ రాసుకుంటా ఉన్నాడు. వాడు కూడా నవ్వడంలేదు.

పాప అటు తిరిగి, "ప్రభువులారా, ఏం చేద్దాం?" అని అడిగింది. స్క్రిప్టులో లేని ప్రశ్న. చివరికి దూది మీసాలు పెట్టుకున్న ముసలి ప్రభువు ఒకడు, దొరవారిసత్రంనించి వచ్చే రైతుబిడ్డ, లేచి, "మందలించి వదిలేద్దాం ప్రభూ, వయసైన మనిషి" అన్నాడు. నాకు నలభై ఆరు.

పాప నావైపు తిరిగింది.

"రమణమ్మా. నీ మాట తప్పని ఈ సభ అనడంలేదు. నీ వేళ తప్పు. మూడోసారి చదివినాక కేక వేస్తే ఏ సభా ఆగదు. మొదటిసారి చదివిన రోజే అర్జీ పట్టుకుని తలుపు దగ్గరికి రావలసింది. వచ్చుంటే వినేవాళ్ళం. తెలిసిందా?"

ఏడాది కింద మా ఊరి సభలో నాకు ఎవరైనా చెప్పాల్సిన మాట అది. నా కడుపున పుట్టింది, నా గౌను వేసుకుని, నా వల మూట మీద కూర్చుని చెప్పింది.

"తెలిసింది" అన్నాను.

"లేచి వెళ్ళవచ్చు."

అక్కడే వచ్చింది చిక్కు. వెళ్ళడానికి రెడీ. లేవడమే కావడంలేదు. ఎడమ మోకాలు పట్టేసింది. గీత ఒక చెయ్యి పట్టింది. బిషప్పు పరిగెత్తుకొచ్చి, "నా భుజం పట్టుకోండి ఆంటీ" అన్నాడు. చివరికి నల్లకర్ర ఊతం చేసుకుని లేచినాను. మా పడవ గెడ కదా, నా చేతికి అలవాటే. నేను గోడ దాకా చేరేవరకు లార్డ్ ఛాన్సలర్ సభని ఆపి కూర్చునింది.

తర్వాత ఏమీ జరగనట్టే మళ్ళీ అడిగింది, "ప్రభువులారా, సమ్మతమేనా?" అందరూ సమ్మతం అన్నారు. బిల్లు పాసైంది. నా వల పోయింది. సభ రేపు పొద్దున తొమ్మిదికి అని వాయిదా వేసింది.

రిజల్టు చెప్పేటప్పుడు నేను మొహానికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. పెద్ద జడ్జి సారు మైకు పట్టుకుని, "మిగతా కాలేజీలు నాటకం వేసినాయి. ఇక్కడ సభ జరిగింది. ఆ ఛాన్సలర్ అమ్మాయి తిరుపతిలో కూడా ఆ మూట మీదే కూర్చోవాలి" అన్నాడు. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది భరత్.

కానీ ఫస్టు రాలేదు, సెకండు వచ్చింది. టైము మూడు నిమిషాలు ఎక్కువైందని మార్కులు కోసినారు. ఆ మూడు నిమిషాలూ ఎక్కడ పోయినాయో హాల్లో అందరికీ తెలుసు. నేను లేస్తా ఉన్నాను.

బస్సులో పాప కిటికీ పక్కన కూర్చునింది. దొరవారిసత్రం దాటినాక "కోపమా?" అని అడిగినాను.

"నువ్వు లేచినప్పుడు నాకు కాళ్ళు గడగడా వణికినాయి మా" అనింది. "గౌను పొడుగ్గా కుట్టినావు కాబట్టి ఎవరికీ కనపడలా."

నేను ఇటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. మళ్ళీ తనే అనింది, "తిరుపతికి నువ్వు కూడా రా. కానీ ముందు మోకాళ్ళు డాక్టరుకి చూపించుకో."

ఇంట్లో మా ఆయన కథంతా విన్నాడు. నవ్వడం ఆపి, "అయితే మూడోసారి దాకా ఆగకూడదన్నమాట" అన్నాడు. అంతే. పోయిన ఏడాది గురించి మా ఇద్దరి మధ్యా వచ్చిన మొదటి మాట అది.

నిన్న ఆదివారం మా ఊరి సభ. మా ఆయన సరస్సు మీద ఉన్నాడు. ఈసారి వదిలేది లేదనుకున్నాను. ముందు వరసలో కూర్చున్నాను. పెద్దకాపు వచ్చినాడు, తుండుగుడ్డ దులిపి అరుగు మీద కూర్చున్నాడు, గొంతు సర్దుకున్నాడు. నేను టక్కున లేచినాను. మోకాలు కూడా పట్టలా.

"మాకు సమ్మతం లేదు పెద్దకాపూ" అన్నాను, ఊరంతా వినేట్టు.

ఆయన నన్ను కిందనించి పైదాకా చూసినాడు.

"కూచో తల్లీ" అన్నాడు. "సంగతేందో ఇంకా నేను చెప్పనే లేదు."