ఓడ దిగిన ముత్తాత

నవల రాయాలనుకునేవాడికి సొంత పుట్టుక సరిపోదనిపించే వయసొకటి ఉంటుంది. నాకది ఇరవై నాలుగో ఏట వచ్చింది. అప్పట్లో కంకిపాడులో ఎరువుల కొట్లో పనిచేస్తూ, బేరం లేని వేళల్లో యూరియా బస్తాల మీద కూర్చుని నవల రాసేవాణ్ణి. నాది కారునలుపు, జుట్టు ఉంగరాలు. కొత్తగా వచ్చినవాడెవడైనా సరే బస్తా అడగబోయే ముందు "ఏ ఊరండీ, మీరెవరండీ" అనేవాడు. (రెండో ప్రశ్నకు అర్థం మీకు తెలియనిది కాదు.) పామర్రు అనీ, చర్చి వీధి అనీ చెప్పగానే వాళ్ళకు జవాబు దొరికిపోయేది. నాకే దొరికేది కాదు. అందుకని నా కథానాయకుడికి కాస్త దూరపు పుట్టుక ఇచ్చాను. వాడు ఆఫ్రికా నుంచి వచ్చి బందరు రేవులో ఓడ దిగి, మళ్ళీ ఎక్కని ఒక నావికుడి మునిమనవడు. మూడు వందల పేజీల పొడుగునా అద్దం ముందు నిలబడి నేనెవరినని అడుగుతూ ఉంటాడు.

బెజవాడలో పుస్తకాలు వేసే ఒక ఎడిటర్ గారు అదంతా ఓపిగ్గా చదివారు. మిగతాదంతా నీళ్ళేననీ, ఓడవాడు మాత్రం బతికి ఉన్నాడనీ చెప్పి, "ఎక్కణ్ణుంచి వచ్చాడండీ మీకు?" అని అడిగారు. నా నోరు ఊరుకుంటే కదా. "మా ముత్తాతేనండీ" అన్నాను. (మా ముత్తాత బందరు కాలవ లాకు దగ్గర తలుపులెత్తే పని చేసేవాడు. సముద్రం చూశాడో లేదో కూడా అనుమానమే.) ఎడిటర్ గారు కుర్చీలో ముందుకు జరిగారు. ఆ ముక్క ముందుమాటలో పెట్టి పుస్తకం వేసేద్దామన్నారు. కాకపోతే ఆయన్ని కళ్ళతో చూసినవాళ్ళతో ఒకసారి మాట్లాడాలట. అలా మిగిలింది ఆయన కోడలు, అంటే మా నాయనమ్మ ఒక్కతే.

శనివారమే పామర్రు పోయి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఓడ పేరు, రేవు పేరు, దేశం పేరు వల్లె వేయించాను. అబద్ధమాడితే పాపం కదా అంటుందేమోనని భయపడ్డాను గానీ, ఆవిడ అడిగింది ఒక్కటే. "ఒరేయ్, ఆ ఓడాయన ఏం తినేవాడని చెప్పమంటావు?"

మర్నాడు ఆరాధన అయ్యాక ఎడిటర్ గారు వచ్చారు. నాయనమ్మ ఉతికిన చీరలో కూర్చుని మొదలుపెట్టింది. మామగారు మంచం మీద పడుకునేవాడు కాదట, తాళ్ళతో ఊయల కట్టించుకునేవాడట. గాలి మారితే అన్నం మధ్యలో లేచి ఆకాశం చూసేవాడట. "ప్రార్థనలో కూడా కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడేవాడు బాబూ. ఓడలో అలవాటు." ఇందులో ఒక్క ముక్కా నేను నేర్పింది కాదు. ఎడిటర్ గారి కలం ఆగడం లేదు. నా పుస్తకం అచ్చయిపోయినట్టే కనిపించింది.

"అయితే మామ్మగారూ, మీ మనవడికి ఈ రంగు ఆయన దగ్గర్నుంచే వచ్చిందన్నమాట" అన్నారాయన.

నాయనమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టింది. "ఆయన దబ్బపండులా ఉండేవాడు బాబూ. ఈ రంగు నాది. మా అమ్మది. వీడికి నేనిచ్చింది ఇదొక్కటే, అది కూడా ఆ ఓడాయన పేర రాసిచ్చేస్తానా?"

అన్నీ నేర్పాను, రంగు సంగతి చెప్పాలని తోచలేదు. ఎడిటర్ గారు కలానికి మూత పెట్టారు. ఆయన్ని బస్టాండు దాకా దిగబెట్టడానికి వెళ్ళాను. బస్సెక్కుతూ, "ఆ ఓడను వెనక్కి పంపేయండి. ఆవిణ్ణి ఉంచి మళ్ళీ రాయండి" అన్నారు.

రెండేళ్ళు పట్టింది. నావికుడు పోయాడు, అద్దమూ పోయింది, మిగిలిన సన్నటి పుస్తకాన్ని ఎడిటర్ గారే వేశారు. ఇప్పుడు యాభై దాటాక, కోతలు కోయడంలో ఈ చుట్టుపక్కల నాకు కాస్త పేరే ఉంది. అయినా లాకు తలుపులెత్తే మనిషి ప్రార్థనలో కాళ్ళు ఎడంగా ఎందుకు పెడతాడో, అది నాయనమ్మ అల్లిందో, చూసిందో, ఆవిడ ఉండగా అడగలేకపోయాను. మొన్నొక ఆదివారం చర్చిలో పాటకు లేచి నిలబడి, ఎందుకో కిందికి చూసుకున్నాను. నా కాళ్ళు ఎడంగానే ఉన్నాయి.