కొచ్చి రేవులో స్టాండప్

ఆ రోజుల్లో సెలవంటే ఆఫీసు మనల్ని వదిలేయడమేనని నమ్మే వయసు నాది. హైటెక్ సిటీలో కొత్త ఉద్యోగం, కొండాపూర్‌లో హాస్టల్. అప్పటికి సముద్రమే చూడలేదు (మా వైపు నీళ్ల సంబరమంటే బోరు పడిన రోజే). ఆఫీసువాళ్లు మా టీమ్‌ను ముంబై నుంచి కొచ్చి దాకా ఓడలో తిప్పుతామన్నప్పుడు నేను కోరుకున్నది ఒక్కటే, అలల్లో కాళ్లు పెట్టాలని. ఓడెక్కాక తెలిసింది, అక్కడది కుదరదని. సముద్రం ఎక్కడో పది అంతస్తుల కిందుంది, మణికొండ అపార్ట్‌మెంట్ బాల్కనీ నుంచి రోడ్డును చూసినట్టు. ఇక ఆశంతా కొచ్చి మీదే. అక్కడ సాయంత్రం దాకా ఓడ ఆగుతుంది.

రేవు గేటు దాటామో లేదో అందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి. నడిసముద్రంలో సిగ్నల్ లేక బెంగపెట్టుకున్న మా లీడ్ ముఖం వెలిగిపోయింది. కాకినాడ ఆయన. రోజూ స్టాండప్ పేరుతో అందర్నీ నిలబెట్టి పని లెక్క అడుగుతారని చాటుగా స్టేటస్ సార్ అనేవాళ్లం. "సిగ్నల్ వచ్చిందండీ! స్టాండప్ కానిచ్చేద్దాం, గుండ్రంగా నిలబడండి," అన్నారు. ఆ ఉక్కలో, ఆటోల మధ్య నిలబడ్డాం. నా పక్కనున్న చందానగర్ అక్క వంతు ముందొచ్చింది.

"నిన్నేం చేశారండీ?"

"వాంతులు చేసుకున్న సార్."

"ఇవాళ?"

"సముద్రంల కాళ్లు కడుగుత."

"అడ్డంకులేమైనా ఉన్నాయా?"

"మీరే సార్. ఇగ ఇడిసిపెట్టండ్రి, పొద్దు పోతాంది!"

ఆయన నవ్వలేదు, రాసుకున్నారు. సముద్రం చూసే టైమంతా పోతోందని నేను గొణిగితే, "సముద్రం ఎక్కడికి పోతుందండీ? చిన్నప్పట్నుంచి చూస్తున్నాను, అక్కడే ఉంటుంది," అని ఓదార్చారు కూడా.

ఎట్టకేలకు ఆటోలో బీచ్ చేరాం. ఇసుకలో కూర్చుని ఒక బూటు విప్పానో లేదో స్టేటస్ సార్ ఫోను. నేను రాసిన కోడ్ దగ్గరే ఏదో ఆగిపోయిందట, క్లయింటు లైన్లో ఉన్నాడట. ఒక కాలికి బూటు, ఒక కాలికి ఇసుక, ఒళ్లో సంచిలోంచి తీసిన ల్యాప్‌టాప్. నాకు నాలుగడుగుల దూరంలో అలలు వచ్చి వెళుతున్నాయి. స్క్రీన్ మీద ఎండ పడి ఏమీ కనపడక దుపట్టా కప్పుకుని పని చేస్తుంటే, దారినపోయేవాళ్లు అయ్యో పాపమని చూశారు. అది సర్దుకునేసరికి అక్క నా చేయి పట్టి లేపుతోంది. "నడువే పిల్లా, ఓడ పోతే ఈడనే కిరాయికుండాలె!" అలా ఒంటి బూటుతో ఆటో వైపు పరుగెత్తాను, తడవకుండా.

మొన్న మా నాలుగేళ్ల పాపను బాపట్ల దగ్గర సముద్రానికి తీసుకెళ్లాం. టోపీ, క్రీము, జలుబు మందు, రెండు జతల బట్టలు, అన్నీ మోసుకుపోయి, దాని గౌను అంచు పట్టుకుని, "దూరం, దూరం!" అని అరుస్తున్నాను. అంతలో ఆఫీసు ఫోను. అలవాటు కొద్దీ ఎత్తి, "ఆ, చెప్పండి," అన్నాను.

"నువ్వు మాట్లాడుకో అమ్మా," అంది పాప పెద్దమనిషిలా, నా వేళ్లు విడదీసుకుంటూ. "నేను జర సముద్రంలకు పోయొస్త."

ఫోను సంచిలో పడేసి దాని వెనకే పరుగెత్తాను. ఈసారి బూట్లు విప్పడానికి కూడా ఆగలేదు. మొదటి అల రెండు బూట్లనీ నింపేసింది. స్టేటస్ సార్ చెప్పింది నిజమే, సముద్రం ఎక్కడికీ పోలేదు. కొచ్చిలో తడవకుండా పరుగెత్తిన ఆ ఒంటి బూటు పిల్ల కూడా ఇక్కడ ఉంటే బాగుండుననిపించింది.