మూడు జాబితాల్లోనూ లేని ఖుర్షిదా

ఖుర్షిదా ఉదయం ఆరింటికి ఒక గ్లాసు టీ తాగితే, మళ్లీ గొంతు తడిసేది సాయంత్రం ఇంటికి వెళ్లాకే. గుంటూరు శివార్లలోని ఒక కోల్డ్ స్టోరేజీ షెడ్డులో ఎండుమిరపకాయల తొడిమలు తీయడం ఆమె పని. ఏప్రిల్ ఎండ, పైన రేకులు, చుట్టూ ఘాటు. అయినా నీళ్లు ముట్టదు. తాగితే బయటికి వెళ్లాలి కదా. మిగతా ఆడవాళ్లు వెనకనున్న తుమ్మచెట్ల దాకా గబగబా వెళ్లొస్తారు. పోలియో వచ్చిన ఎడమకాలి మోకాలిని చేత్తో ఒత్తుకుంటూ నడిచే ఆమె అంత దూరం వెళ్లలేదు, వెళ్లినా గొంతుక్కూర్చోలేదు. పదిహేనేళ్లుగా ఇదే తంతు. కిడ్నీలో రాళ్లు రెండుసార్లు వచ్చాయి.

ఇవన్నీ నాకు ఆలస్యంగా తెలిశాయి. నా పేరు షారోన్. బ్రాడీపేటలో ఆఫీసున్న ఒక స్వచ్ఛంద సంస్థలో ఫీల్డ్ వర్కర్ని. "ఎవరినీ వదిలేయకూడదు" అని మా ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ షెడ్డు దగ్గర మరుగుదొడ్డి కట్టించే పని మాకు వచ్చినప్పుడు, ఎలా కట్టాలో జనాన్నే అడుగుదామని మూడు జాబితాలు రాశాను: మహిళలు, వికలాంగులు, మైనారిటీలు. నా తెలివి తెల్లారినట్టే ఉంది. మొదటిది రాసేటప్పుడు ఖుర్షిదా పేరు రెండోదాంట్లో వస్తుందిలే అనుకున్నాను. రెండోది రాసేటప్పుడు మూడోదాంట్లో ఉంటుందిలే అనుకున్నాను. మూడో సమావేశానికి వాళ్ల వీధి పెద్ద జాన్ బాషాగారు మగవాళ్లనే తీసుకొచ్చారు. నేను కిమ్మనకుండా సంతకాలు పెట్టించుకున్నాను.

మరుగుదొడ్డి లేచింది. నాలుగు మెట్లు, ఇరుకు తలుపు, లోపల గొంతుక్కూర్చునే దొడ్డి. ప్రారంభానికి రెండు రోజుల ముందు ఫొటోలు తీయడానికి వెళ్తే, ఖుర్షిదా మెట్ల దాకా వచ్చి నిలబడింది.

"ఇది ఎవరికి కట్టారు మేడం?"

"మీ అందరికీ అక్కా."

"ఆ అందరిలో నేను లేనా?"

సిగ్గుపడాల్సిన చోట నాకు కోపం వచ్చింది. "మీటింగులో చెప్పాల్సింది కదా" అన్నాను.

"పిలిస్తే కదా చెప్పేది! ఆడోళ్ల మీటింగుకు మా మేస్త్రి రెబ్కా వచ్చింది. కుర్చీలన్నిట్లో రైతుల ఇళ్ల ఆడోళ్లే కూర్చుంటే వెనక నిలబడి వచ్చేసింది. కాలు బాగోనోళ్ల మీటింగు మీ ఆఫీసు మూడో అంతస్తులో పెట్టారంట, నేనెట్టా ఎక్కేది? మావోళ్ల మీటింగుకు మగోళ్లే పోయారు. నేను మూడు ముక్కలుగా పుట్టలేదు మేడం. ఈ కాలూ నాదే, ఈ ఆడపుటకా నాదే, ఈ పేరూ నాదే. నన్ను ఒక్క మనిషిగా పిలవండి."

"వచ్చే ఏడాది చూద్దాం అక్కా" అన్నాను. "నా రాళ్లు వచ్చే ఏడాది దాకా ఆగుతాయా?" అని వెనక్కి తిరిగింది.

తొడిమలు తీసే ముఠాకు ఒక కట్టుబాటు ఉంది. ఆఖరి మనిషి గంప ఖాళీ అయ్యేదాకా రాశి దగ్గర్నుంచి ఎవరూ లేవరు. ముందు ముగించినవాళ్లు పక్కవాళ్ల గంపలో చెయ్యి వేస్తారు. ఆ ముఠాలో అందరికన్నా చురుకైన చేతులు ఖుర్షిదావి. ఇన్నేళ్లూ ఆమె చెయ్యి పడని గంప లేదు. ఆ సాయంత్రం ఆమె రెబ్కాతో ఒక్క మాటే అందట: "ఈసారి నా గంప మిగిలిపోయిందే."

ప్రారంభం రోజు మా పై అధికారి ఎలీషాగారు రిబ్బను, కత్తెర పట్టుకుని వచ్చారు. ముప్పైమంది ఆడవాళ్లలో ఒక్కరూ లేవలేదు. ఫొటోకు రమ్మని నేను బతిమాలితే రెబ్కా తలెత్తకుండానే అంది:

"ఖుర్షిదా పోగలిగిన రోజు మేమూ పోతాం. అప్పటిదాకా మాకు తుమ్మచెట్లే."

ఎలీషాగారు నా వైపు చూశారు. "తప్పు నాదేనండి, జాబితాలు రాసింది నేనే" అన్నాను. ఆయన కత్తెర సంచిలో పెట్టేసి, ఖుర్షిదా ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"చెప్పమ్మా, ఎట్టా కట్టాలి?"

ఆమె నేల మీది దుమ్ములో వేలితో గీసింది. మెట్లకు బదులు వాలుబాట, వెడల్పు తలుపు, పట్టుకోవడానికి కమ్మీ, కుర్చీలా కూర్చునే దొడ్డి. తలుపు బయటే కుళాయి, సబ్బు. "కారం చేతుల్తో లోపలికి పోతే ఏమవుద్దో మీకేం తెలుసండీ?" అనేసరికి అందరూ గొల్లున నవ్వారు. ఆ కుళాయి సంగతి నా మూడు సమావేశాల్లో ఎవరూ ఎత్తలేదు.

పనికి మూడు వారాలు పట్టింది. పూర్తయిన రోజు నేనూ రాశి దగ్గర కూర్చుని తొడిమలు తీశాను. పదింటికి ముఠా అంతా ఖుర్షిదా వైపు చూసింది.

"ముందు నువ్వు పోవే" అంది రెబ్కా.

"పోవాలంటే ముందు తాగాలి కదే!"

కుండలో ముంచి ఒక చెంబెడు గటగటా తాగింది. ఆగి ఊపిరి పీల్చుకుని రెండోది తాగింది. పట్టపగలు ఆమె నీళ్లు తాగడం అంతకుముందు వాళ్లెవరూ చూడలేదట. నాకు ఏడుపొచ్చి, కారం చేతులన్న సంగతి మరిచి కళ్లు తుడుచుకున్నాను. ఇక నా కేకలు చూడాలి.

"నీళ్ల విలువ ఇప్పుడు తెలిసిందా మేడం?" అంటూ ఖుర్షిదా మూడో చెంబు నా మొహాన కుమ్మరించింది.