లావణ్య స్లైడ్లు, మల్లేశం చీరలు

2023 నాటి సంగతి. జగిత్యాలలో డీటీపీ షాపు పెట్టి అప్పటికి చాలా ఏళ్లయింది. పెళ్లి పత్రికల నుంచి కాలేజీ పిల్లల సెమినార్ స్లైడ్ల దాకా ఏది అడిగినా చేసిపెట్టేదాన్ని. మౌస్ పట్టానంటే కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా నాకు ఎదురులేదని కొంచెం గర్వం కూడా ఉండేది.

ఒకరోజు సిరిసిల్ల నుంచి మల్లేశం వచ్చాడు. ఆయనకు సాంచెలున్నాయి, అంటే పవర్‌లూమ్‌లు. తోటి సాంచెల వాళ్లతో కలిసి కొత్త రకం చీరలు నేయించాడు. వాటిని మర్నాడే వీడియో మీటింగులో హైదరాబాద్ వ్యాపారులకు చూపించాలి. వెంట నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న అమ్మాయి ఉంది.

"మేడం, గీమె మా అక్క బిడ్డ లావణ్య. స్లైడ్లు గీమెనే చేస్తది, జర మీరు పక్కన కూసోని చూడుండ్రి" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇంటర్‌ల ఉన్నప్పుడే చూపు పోయింది. గిది మంచిగైతే మా ఆఫీసుల కొలువిద్దామనుకున్న. మా తోటోళ్లేమో, కండ్లు కనపడని పిల్ల బొమ్మలెట్ల పెడ్తదని నవ్వుతున్నరు" అన్నాడు.

"మామా, నాకు కనపడదు గని మంచిగనే ఇనపడ్తది" అంది లావణ్య. నాకు నవ్వు ఆగలేదు.

ఆమె మౌస్ ముట్టుకోలేదు. శీర్షిక ఎక్కడ, ఫొటో ఎక్కడ, ఎంత సైజు అన్నది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది. ఒకసారి రాసిపెడితే స్లైడ్లన్నీ కంప్యూటరే తయారుచేస్తుంది. రాసిన ప్రతి ముక్కనూ స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ ఆమె చెవిలో చదువుతోంది. ఆ వేగానికి నాకు ఒక్క మాటా అంతుపట్టలేదు. తయారైన స్లైడ్లలో వంక వెతకబోయాను. ఒక్క ఫొటో కూడా వెంట్రుకవాసి పక్కకు జరగలేదు.

ఇక మిగిలింది ఆల్ట్ టెక్స్ట్. అంటే ఫొటోలో ఏముందో చూపు లేనివాళ్లకు వినిపించే వర్ణన. అది నన్ను చెప్పమంది.

"నెమలి బుటా, చుట్టూ జరీ" అన్నాను.

"గంతేనా అక్కా? నెమలి అంచులు సాఫుగ ఉన్నయా?"

దగ్గరికి జరిగి చూశాను. "లేవు, మసకగా ఉన్నాయి. సన్నటి పోగులు అడ్డంగా తేలినట్టున్నాయి."

ఆమె వేళ్లు ఆగిపోయాయి. మిగతా ఫొటోలు కూడా చూడమంది. అన్నీ అంతే.

"మామా, గీ ఫొటోలు ఎవలు తీసిండ్రు?"

"ఎవల సాంచె మీద వాళ్లే తీసిండ్రు బిడ్డ."

"అయితే అన్నీ ఉల్టా దిక్కే తీసిండ్రు!"

మల్లేశం నెత్తి కొట్టుకున్నాడు. ఆ రకం చీరను సాంచె మీద బోర్లా నేస్తారు. అసలు ముఖం కిందికి, వెనక వైపు పైకి ఉంటుంది. "పొద్దంత మా కండ్లకు గదే కనపడ్తది. గదే చీరె అనుకున్నం" అన్నాడు పాపం. లావణ్య మాత్రం చిన్నప్పటి నుంచి చీరలను చేత్తో తడిమి చూసిన పిల్ల. వెనక వైపు పోగులు వేళ్లకు ఎలా తగులుతాయో ఆమెకు బాగా తెలుసు.

మల్లేశం ఫోన్లు చేస్తే చీరలు తిరగేసి మళ్లీ ఫొటోలు పంపారు. నా పద్ధతిలో అయితే ఒక్కోటి తీసి, ఒక్కోటి పెట్టి, సైజు సర్దేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. లావణ్య కొత్త ఫొటోలకు పాత పేర్లే పెట్టి, కోడ్‌ను మళ్లీ నడిపింది. నేను చెప్పిన చాయ్ వచ్చేలోపు స్లైడ్లన్నీ మారిపోయాయి. నా పొట్ట కొట్టే విద్యే అది. అయినా ఈర్ష్య పుట్టలేదు, భలే ముచ్చటేసింది.

మర్నాడు ఎవరూ పిలవకున్నా సిరిసిల్ల వెళ్లి మల్లేశం ఆఫీసులో కూర్చున్నాను. నవ్విన వాళ్లంతా గోడవారగా నిలబడ్డారు. లావణ్య ఒక్కో చీర గురించి చెప్పుకుంటూ పోయింది. మధ్యలో ఒక వ్యాపారి ఆపి, "డిజైన్ బాగుందమ్మా. వెనక ఫినిషింగ్ ఎట్లుంటుందో చూడాలె కదా?" అన్నాడు.

"అది గూడ ఉన్నది సార్" అంటూ ఆమె కీబోర్డు నొక్కింది. మొదట ఉల్టా తీసిన ఫొటోలు పారేయకుండా చివర్లో వరుసగా పెట్టిందట! నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

శాంపిల్ చీరలు పంపమన్నారు. గోడవార నిలబడ్డవాళ్లలో పెద్దాయన ముందుకొచ్చి, "రేపటి సంది ఆఫీసుకు రా బిడ్డ" అన్నాడు.

ఇప్పుడు మా షాపులో ఏ స్లైడ్ చేసినా, నేను కళ్లు మూసుకుని అందులో ఏముందో పక్కవాళ్లను చెప్పమంటాను. వాళ్లు తడబడితే ఆ స్లైడ్ మళ్లీ చేస్తాను. ఆ రోజు ఆ ఫొటోలను మల్లేశం చూశాడు, నేనూ చూశాను. వాటిలో ఏముందని అడిగింది మాత్రం లావణ్య ఒక్కతే.